వంకాయరంగు సంచిలోని పాట

బిట్రగుంటలో మునీర్ మైకుసెట్టు తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళలో తిట్టుకోనివాళ్ళూ లేరు. పెళ్ళయినా, గంగమ్మ కొలుపయినా, ఉరుసయినా, చర్చి పండగయినా కొయ్యలకు హారన్లు కట్టి, వైర్లు లాగి, ఆంప్లిఫయరు వెలిగించాక మొదటి భక్తిపాట పెట్టేలోపల టెస్టింగని కాసేపు ఉంటుంది. మిగతావాళ్ళు ఆ కాసేపూ 'హలో, హలో' అని సరిపెడతారు. మునీర్ లెక్కలో ఆ కాసేపూ దేవుడిదీ కాదు, పెళ్ళివారిదీ కాదు, తనది. చెక్కపెట్టెలోంచి పూలపూల గుడ్డసంచి ఒకటి తీస్తాడు. అందులోంచి నల్లటి రికార్డు బయటికొస్తుంది. తండ్రి చోటే సాహెబ్ వాడిన రికార్డు ప్లేయరు మీద దాన్ని పెట్టి ముల్లు దించుతాడు. అంతే, కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోతాయి. రేకులకప్పు మీద కంకర దొర్లించినట్టు డ్రమ్ములు, వాటి మీద రంపం కోసినట్టు గిటార్లు, మధ్యలో ఎవడో గొంతు చించుకుని అరుపు. ఊళ్ళోవాళ్ళు "మునీరన్న వచ్చేసినాడు, ఇంక నీళ్ళు పోసుకోండి" అని పిల్లల్ని తరుముతారు.

పాటలన్నీ సెల్‌ఫోనులోకి వచ్చేసిన ఈ కాలంలో రికార్డు ప్లేయరు మోసుకుని తిరిగే మైకుసెట్టు ఆ చుట్టుపక్కల ఇదొక్కటే. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు కానీ, మునీర్ పిచ్చి ఊరందరికీ వినపడుతుంది. అందరికన్నా ఎక్కువ వినపడింది మాత్రం అతని భార్య ఖుర్షీదాకు. రైల్వే కాలనీ వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, పక్కగదిలో అతని పెట్టెలు. ఆమె జాకెట్లు కుడుతుంది. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. వీధి చివర నించుని పిలిస్తే స్టేషనులో ఉన్నవాడికి కూడా వినపడే గొంతు.

ఆ పిచ్చి పట్టుకున్న తీరు చెప్పాలి. కూతురు అస్మాకు తడ దగ్గర చెప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం మునీర్ హాస్టల్లో పిల్లను చూసి తిరిగివస్తూ, హైవే పక్కన పాత ప్లాస్టిక్ గోడౌను ముందు ఆగాడు. పై దేశాలవాళ్ళు పారేసిన ప్లాస్టిక్కు చెన్నై రేవులో దిగి అక్కడికి వస్తుంది. దాన్ని పిండి చేసి పైపులకూ చెప్పుల అడుగులకూ పంపిస్తారు. ఏదైనా పాత స్పీకరు దొరుకుతుందేమోనని లోపలికి తొంగిచూస్తే, సమాధానం అనే మేస్త్రీ ఒక గుట్ట ముందు కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళు అట్టలు చించి కాయితాల కుప్పలో వేస్తున్నారు. సమాధానం ఒక్కో నల్ల ప్లేటునూ రాతి మీద పెట్టి, నడిమధ్య కాయితం అంటించిన చోట సుత్తితో ఒక్కటేసి, మిగతాది మిషను తొట్టిలోకి విసురుతున్నాడు.

మునీర్ గబగబా లోపలికి పోయాడు. చోటే సాహెబ్ ఇంట్లో రికార్డును పసిబిడ్డ మొహం తుడిచినట్టు మెత్తటి గుడ్డతో తుడిచేవాళ్ళు. రికార్డు తొక్కాడని ఆ ఇంట్లో దెబ్బలు తిన్నవాడు మునీర్.

"ఆపయ్యా సామీ! అవి పాటలయ్యా!" అని అరిచాడు.

"పాటలు కాదన్నా, గోల" అన్నాడు సమాధానం తల ఎత్తకుండానే. "అట్టల మీదంతా పుర్రెలు, కొమ్ములు, రక్తం. ప్రార్థన చేసుకునే చేత్తో ముట్టుకోలేకపోతా ఉండాను. నీకు కావాలంటే తీసుకుపో, పుణ్యముంటుంది."

అలా ఆ రోజు ఒక గోనెసంచి ఇంటికొచ్చింది. ఆ తర్వాత కూడా నల్ల ప్లేట్లు వస్తే సమాధానం సుత్తి పక్కన పెట్టి, దాచి ఉంచేవాడు. అట్టలు మాత్రం లారీ దిగగానే చినిగిపోయేవి. అందుకని మునీర్ దగ్గరికొచ్చేవన్నీ ఒంటి మీద బట్టలేని ప్లేట్లే. కొన్నిటి నడుమ కాయితం మీద ఏదో రాసి ఉండేది. చాలావాటికి అదీ లేదు, ఉత్త తెల్లకాయితం.

మొదటిది వేసినప్పుడు ఖుర్షీదా మిషను ఆపి, "ముల్లిరిగినట్టుండాది, చూసుకో" అంది. ముల్లు బాగానే ఉంది. రెండోది వేశాడు. "ఇది కూడా ఇరిగిందా?" అంది. మునీర్ మూడోది తీశాడు. ఆ రోజంతా, మరుసటి రోజంతా ఒకదాని తర్వాత ఒకటి వింటూ కూర్చున్నాడు. చివరికి ముందుగదిలోకి వచ్చి, ఏదో కనిపెట్టినవాడిలా చెప్పాడు.

"ఇది చెడిపోయిన పాట కాదుమే. కావాలనే ఇట్టా చేసినారు."

"కావాలని చేస్తే మరీ తప్పు" అంది ఖుర్షీదా.

అస్మా ఫోనులో వెతికి, వీటిల్లో కొన్నిటిని మెటల్ అంటారనీ, కొన్నిటిని పంక్ అంటారనీ చెప్పింది. పెద్ద కంపెనీలేవీ దగ్గరికి రానివ్వకపోతే పిల్లలు తామే చందాలు వేసుకుని, షెడ్లలో కూర్చుని చేసుకున్నవట. కొన్ని వందలు అచ్చువేసి చేతులతో పంచుకున్నవట. అది విని మునీర్ మురిసిపోయాడు. "అయితే మన యాపారమే గదా! ఎవురూ మైకు ఇయ్యకపోతే వాళ్ళే కట్టుకుని అరిచినారు" అన్నాడు. ఇంకొన్నాళ్ళకు తనకు తానే తేడా కూడా చెప్పుకున్నాడు. బరువు మోసేవాడి మూలుగు మెటల్, ఈ బరువు నేను మొయ్యనని కిందపడేసినవాడి అరుపు పంక్. ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరో నాకైతే తెలియదు.

ఒకసారి అస్మా ఒక రికార్డులోని పాట ముక్కను ఫోనులోంచి లోకానికి వినిపిస్తే, ఏదో మంచుదేశం నుంచి ఒకాయన జవాబు రాశాడు. కుర్రతనంలో తన స్నేహితులు చేసిన పాటలట. తన దగ్గరున్న ఒక్కటీ పోయిందట, మళ్ళీ వింటాననుకోలేదట. ఏడ్చానని రాశాడు. అస్మా చదివి వినిపించాక, మునీర్ ఆ రికార్డును తుడిచి గట్టి అట్టల మధ్య కట్టి ఆయనకు పంపించేశాడు. ఖుర్షీదా అది చూసింది. గోల గోలే కానీ, ఎవరో ఎక్కడో పారేసిన బిడ్డల్ని చేరదీసి సాకుతున్న ఈ మనిషిని చూస్తే ఆమెకు లోపల గర్వంగానే ఉండేది. పైకి మాత్రం ఒప్పుకునే రకం కాదు.

ఒప్పుకోలేదు గానీ, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో రికార్డులకు సంచులు కుట్టడం మొదలుపెట్టింది. పుర్రెల అట్టల్లో పుట్టిన పాటలన్నీ అలా పూల జాకెట్ల గుడ్డల్లోకి మారాయి. పేర్లు లేని వాటికి ఆమే పేర్లు పెట్టింది. ఆకుపచ్చ చుక్కలది 'మాడిన పెనం'. పసుపు పట్టుముక్కది 'పక్కింటి తగువు'. మునీర్ కూడా అవే పేర్లతో అడిగేవాడు.

అన్నిటిలోకీ అతనికి ప్రాణమైంది వంకాయరంగు సంచిలోది. పెద్ద ప్లేటు, మధ్యలో తెల్లకాయితం. కాయితం పక్కన నల్లటి చోట మేకుతో గీసినట్టు చిన్న పిట్టబొమ్మ, అంతకుమించి ఒక్క అక్షరం లేదు. అస్మా ఎంత వెతికినా దాని జాడ దొరకలేదు. తడిసిన వలను ఇసక మీదికి లాగుతున్నంత నిదానంగా, బరువుగా సాగేది ఆ పాట. నూతిలోంచి వచ్చినట్టు మగగొంతు. సముద్రపొడ్డున జువ్వలదిన్నెలో బెస్తవాళ్ళు దానికి మునీరన్న వలపాట అని పేరు పెట్టేశారు. "ఇందులో ఒకడు మోయలేనిది మోస్తా ఉండాడు. దించడు చూడు" అనేవాడు మునీర్, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు.

ఇంతలో అతని చెవులు పోవడం మొదలైంది. జీవితమంతా హారను పక్కన నించున్నవాడు, పోక ఏం చేస్తాయి? ఖుర్షీదా మొదట అది పొగరనుకుంది. తను పెరట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడు, పక్కింటి ఆయన ఒక్కసారి పిలిస్తే తిరుగుతాడు. తర్వాత కుక్కరు విజిలు వినపడలేదు. నెల్లూరు డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు ముందు పోతాయని చెప్పాడు. సైకిలు బెల్లు, పిచ్చిక, ఆడవాళ్ళ మాట. లావు శబ్దాలు ఇంకొంతకాలం ఉంటాయట. చెవికి మిషను ఇచ్చాడు. అది మాటకు కొంత పనికొచ్చింది, పాటకు పనికిరాలేదు.

ఆడవాళ్ళ మాట అన్నప్పుడు మునీర్ భార్యవైపు చూశాడు. ఖుర్షీదా ఆ చూపు మరిచిపోలేదు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడేటప్పుడు గొంతు కిందికి దించి, ఊరి పెద్దమనిషిలా బొంగురుగా మాట్లాడటం అలవాటు చేసుకుంది. వీధిలో పిల్లలు నవ్వినా పట్టించుకోలేదు.

రికార్డులు ఒక్కొక్కటే అతనికి దూరమయ్యాయి. గిటార్ల రంపం పోయింది, అరుపులు పోయాయి. నిండుగా మిగిలింది వంకాయరంగుది ఒక్కటే. మిగతావాటికి ఖుర్షీదా అతని చెవులయింది. "గీత పడిందా? గొంతు పగులుతా ఉండాదా?" అని అతను అడగడం, ఆమె విని చెప్పడం. అన్నాళ్ళు తిట్టుకున్న గోలను ఇప్పుడు పని మానుకుని మొదటినుంచి చివరిదాకా వినాల్సివచ్చింది. వినగా వినగా, మాడిన పెనంలో కూడా ఏదో వంట ఉందని ఆమెకు తెలిసింది.

ఒక శుక్రవారం మునీర్ మసీదుకు పోతూ, వంకాయరంగుదానికి గీత పడిందేమో చూసిపెట్టమన్నాడు. ఖుర్షీదా అప్పుడే కుట్టుమిషను బెల్టు బిగించి లేచింది. వదులైన బెల్టుతో పొద్దుట్నుంచీ విసిగిపోయి ఉంది. ముల్లు దించి కూర్చుంది. పాట మామూలుగానే నడుస్తోంది. మధ్యలో పాడేవాడు ఊపిరి తీసుకున్నాడు. ఆమె ముల్లెత్తి మళ్ళీ అక్కడే పెట్టింది. మళ్ళీ ఊపిరి. ఇంతసేపు ఎవరు పీలుస్తారు? ఇది మనిషి ఊపిరి కాదు. పొద్దున తన మిషను చేసిన పనే ఈ పాటా చేస్తోంది. బెల్టు వదులైతే సూది నిదానించి, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఇలాగే ఆలస్యం అవుతుంది.

ప్లేయరుకు వేగం మార్చే మర ఉంది. చోటే సాహెబ్ నేర్పిన ఓనమాలు ఆ ఇంట్లో అందరికీ నోటికి వచ్చు: నిమిషానికి పెద్ద ప్లేటు ముప్పైమూడు చుట్లు, చిన్న ప్లేటు నలభైఅయిదు. వాళ్ళు వేసిన సినిమా పాటల రికార్డులన్నీ ఆ లెక్కనే నడిచాయి. పెద్ద ప్లేటును నలభైఅయిదు మీద పెట్టడం ఆ వృత్తిలో ఉన్నవాడెవడికీ తోచదు. ఖుర్షీదా మైకుసెట్టు మనిషి కాదు గనక మర తిప్పేసింది.

ఒక ఆడపిల్ల అరిచింది.

మగవాడూ లేడు, నుయ్యీ లేదు. పదహారో పదిహేడో ఏళ్ళ పిల్ల, సన్నగా, పదునుగా, ఊపిరి సగం సగం మింగుతూ, డ్రమ్ముల ముందు పరిగెడుతూ అరుస్తోంది. వెనక ఇంకో ఇద్దరు పిల్లలు అందుకుంటున్నారు. మాటలు ఒక్కటీ తెలియలేదు. కోపం మాత్రం తెలిసింది. ఆ కోపంలో బోలెడంత సంతోషం ఉందని కూడా తెలిసింది. అయినింటి కోడలు కోపంతో అరవకూడదని ఎవరూ నేర్పకముందు తన గొంతూ ఇలాగే ఉండేది. ఖుర్షీదా మళ్ళీ మళ్ళీ వేసుకుని వింది. కళ్ళు తుడుచుకుంది. బయట చెప్పుల చప్పుడైతే గబుక్కున ముల్లెత్తి, మరను ఎప్పటిచోటికి తిప్పింది.

సంబరం ఆ చెప్పుల చప్పుడుతోనే దిగిపోయింది. ఈ గొంతు మునీర్‌కు వినపడదు. తను నిజం చెబితే అతనికి మిగిలిన ఒక్క పాటా పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఎప్పటికీ నూతిలోనే ఉంటుంది. ఏదీ తేల్చుకోలేక, గీత పడలేదని మాత్రం చెప్పి ఊరుకుంది.

కొన్నాళ్ళకు జువ్వలదిన్నెలో గంగమ్మ కొలుపు వచ్చింది. మునీర్ పెట్టెలు సర్దుకుంటూ వంకాయరంగు సంచిని అన్నిటికన్నా పైన పెట్టాడు. "రేపు టెస్టింగుకు ఇదే. నా చెవికి నిండుగా వచ్చేది ఇంక ఇదొక్కటేమే" అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా, హారను తుడుస్తూ తండ్రి మాట ఒకటి చెప్పాడు. "మా నాయన ఏమనేవాడో తెలుసా? మన చెవికి బాగుండాదని పాటను ముట్టుకోగూడదు. పాడినోళ్ళు ఎట్టా పాడినారో అట్టనే బయటికి పోవాల."

ఇంక ఖుర్షీదా ఆగలేకపోయింది. బొంగురు గొంతుతో మొత్తం చెప్పేసింది. ఊపిరి సంగతి, మర సంగతి, ఆడపిల్ల సంగతి.

మునీర్ నమ్మలేదు. "పెద్ద ప్లేటుమే అది!" అన్నాడు. ఆమె రికార్డు పెట్టి, మరను నలభైఅయిదు మీదికి తిప్పింది. అతను స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి తల వంచాడు. అడుగున దడదడ వినపడింది. దాని మీద ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"గొంతేదీ?" అన్నాడు.

"ఉండాది."

"నాకు లేదే."

ఆమె ముల్లెత్తేసింది. మునీర్ చెయ్యి తీసేసి, "చెవులు ఎట్టాగూ పొయ్యినాయి. పాట కూడా నువ్వు తీసేసుకుంటివా?" అని బయటికి వెళ్ళిపోయాడు. స్టేషనులో బెంచీ మీద కూర్చుని గూడ్సు బండ్లు చూస్తున్నాడని ఎవరో చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు తను ఎందుకు ఊదిందో ఖుర్షీదాకు అర్థం కాలేదు. నోరు మూసుకుని ఉంటే ఏం కొంప మునిగేదని తనను తాను తిట్టుకుంది.

మరునాడు పొద్దున ఆటోలో సామాను ఎక్కించాక, మునీర్ ఆమె మొహం చూడకుండానే "నువ్వు గూడా రా" అన్నాడు. ఏ ఊరి కార్యానికీ అతని వెంట ఎప్పుడూ పోని మనిషి, చీర మార్చుకుని ఎక్కింది.

జువ్వలదిన్నెలో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ రోజు వేటకు పోరు. మునీర్ సరుగుడు కొయ్యలకు హారన్లు కట్టి, ఎప్పటిలాగే వాటి నోళ్ళు సముద్రం వైపు తిప్పాడు. కొలుపు పెట్టుకున్న ఇంటి పెద్దావిడ ముసలమ్మ పందిట్లో కూర్చుని పసుపు కలుపుతోంది. వంకాయరంగు సంచిలోంచి రికార్డు బయటికొచ్చింది. మునీర్ దాన్ని తుడిచాడు. మర ముప్పైమూడు మీద ఉంది. అతని వేలు దాని మీద ఆగింది. ఖుర్షీదా లోలోపల, అక్కడే ఉంచెయ్యి, నీ పాట నువ్వు వినుకో అనుకుంది. నిజంగానే అనుకుంది.

మునీర్ మరను నలభైఅయిదు మీదికి తిప్పాడు.

"నాకు వినపడేటట్టు వెయ్యడానికి నేనెవుర్ని? ఆ బిడ్డ ఎట్టా అరిచిందో అట్టనే పోవాల" అన్నాడు. ముల్లు దించి, మణికట్టు ఆమె ముందుకు చాపాడు. "ఊపిరి తీసుకున్నప్పుడల్లా నొక్కు."

పిల్ల గొంతు హారన్లలోంచి సముద్రం మీదికి పోయింది. కాకులు లేచాయి. వలలు బాగుచేస్తున్నవాళ్ళు తలలెత్తారు. ఖుర్షీదా అతని మణికట్టు పట్టుకుని, పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా నొక్కింది. చిన్నది, చిన్నది, మళ్ళీ చిన్నది, ఒకసారి పెద్దది. మునీర్ కళ్ళు మూసుకుని లెక్క తప్పకుండా తల ఊపుతున్నాడు. పసుపు చేతులతోనే ముసలమ్మ పందిట్లోంచి బయటికొచ్చింది.

"వలపాట ఏమాయ? ఎవురుమ్మే ఈ బిడ్డ? ఎవురి మీద అంత కోపం?" అని ఖుర్షీదాను అడిగింది.

"పేరు లేదమ్మా దీని మీద" అంది ఖుర్షీదా.

"పేరు లేకపోతే ఏమి, బిడ్డ ఉండాది గదా. అరవనీ" అని ముసలమ్మ అక్కడే నించుండిపోయింది.

పాట అయిపోయింది. ముల్లు చివరి గీతలో తిరుగుతోంది. మునీర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చెవులు సరిగాలేనివాళ్ళు అడిగినట్టే, ఊరంతా వినపడేలా అడిగాడు.

"ఎట్టుంటుందిమే ఆ గొంతు? ఎవురి మాదిరి?"

ఖుర్షీదా చుట్టూ చూసింది. సిగ్గేసింది. అయినా బొంగురు గొంతుతో అతని చెవి దగ్గర చెప్పింది.

"నా మాదిరే. మన పెళ్ళయిన కొత్తల్లో."

మునీర్ మొహమంతా నవ్వు వచ్చింది.

"అయితే నాకు తెలుసులే" అన్నాడు. ముల్లెత్తి మళ్ళీ మొదట్లో పెట్టాడు.